తెరకి వీపు పెట్టి కూర్చున్న మనిషి

ఆవిడ నన్ను నమ్మి ఆ కాగితం మీద సంతకం పెట్టారా, నేను అబద్ధం చెబుతున్నానని తెలిసే పెట్టారా?

మూడేళ్ళుగా ఈ ప్రశ్నని నాతోపాటు ఆఫీసుకీ, కూరగాయల కొట్టుకీ, పిల్లల ఈత క్లాసుకీ తిప్పుతున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆవిడనే అడిగేద్దామనుకునేదాన్ని. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతుంటే వాళ్ళమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అమ్మ వెళ్ళిపోయింది. నిద్రలోనే." చదవగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఇక అడగక్కర్లేదు కదా అన్న తేలిక. ఒక్క క్షణమే. కానీ కలిగింది. దుఃఖం దాని వెనకాల వచ్చింది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా. ఆవిడని గురించి రాయడానికి కూర్చున్నప్పుడు ముందుగా ఈ మాట ఒప్పుకోకపోతే మిగతాదంతా రాసే అర్హత నాకు లేదనిపించింది.

నేను ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా వీధి చివరింట్లో కూతురు, అల్లుడితో ఉండేవారు. పిల్లలు మాత్రం టికెట్ అమ్మమ్మ అనేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ గోదావరి పక్కన ఒక చిన్న ఊళ్ళో, సినిమా హాల్లో, ఆడవాళ్ళ కౌంటర్లో ఇరవై ఏళ్ళకి పైగా టికెట్లు అమ్మారు. ఆట మొదలయ్యే వేళకి కౌంటర్ మూసి, గుమ్మం దగ్గరకొచ్చి ఆ టికెట్లే చింపేవారు. ఆ అలవాటు చేతుల్లోంచి పోలేదు. ఏ కాగితం ఇచ్చినా, కిరాణా రసీదైనా, గృహప్రవేశం పిలుపైనా, మాట్లాడుతూ మాట్లాడుతూ దాని మూల చిటికెడు చింపేవారు. ఒకసారి మా అబ్బాయి రిపోర్ట్ కార్డ్ చూపిస్తే దాని మూలా చింపారు. వాడు లబోదిబోమన్నాడు. "ఇంక లోపలికి పోవచ్చురా నువ్వు, పాసయ్యావు" అన్నారు ఆవిడ.

పెద్దలకి మాత్రమే అని ముద్ర పడ్డ బొమ్మ ఆడే వారాల్లో గుమ్మం దగ్గర ఆవిడదే తీర్పు. స్కూలు ఎగ్గొట్టి, అక్క చీర కట్టుకుని, బొట్టు పెద్దది పెట్టుకుని వచ్చే ఆడపిల్లల్ని ఎలా పట్టుకునేవారో చెబుతుంటే పడి పడి నవ్వేవాళ్ళం. "మొహం అబద్ధమాడుద్దమ్మా. మాటా అబద్ధమాడుద్ది. గుమ్మం దాటేటప్పుడు కుచ్చిళ్ళు పట్టుకునే చెయ్యి మాత్రం అబద్ధమాడదు. అలవాటు లేని చెయ్యి గుప్పెట బిగిస్తుంది." ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామన్నా నన్ను వదలడం లేదు.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ పక్కనే ఉన్న మా చిన్న టౌన్‌లో మా తెలుగువాళ్ళం నెలకొక శనివారం మధ్యాహ్నం సినిమా వేసుకుంటాం. హాలు టౌన్‌ది. దానికొక నియమం ఉంది. అమెరికా రేటింగ్ లేని సినిమా వేస్తే, ఏ వయసు పిల్లలు చూడొచ్చో, ఎందుకో, వేసేవాళ్ళే ఒక ఫారంలో రాసి, చూసినవాళ్ళు సంతకం పెట్టి ఇవ్వాలి. టౌన్ కౌన్సిల్ తరఫున ఒక చిన్న కమిటీ దాన్ని చూసి ఊ అంటుంది. షో అయ్యాక ముద్ర వేసి ఫారం మనకే తిరిగి ఇచ్చేస్తారు. మన సినిమాలకి ఆ రేటింగ్ ఎటూ ఉండదు. "అక్కడ వేసిన ముద్ర ఇక్కడ చెల్లదా?" అని పిన్నిగారు ఆశ్చర్యపోయారు. చెల్లదన్నాం. "మంచిదే. ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళే నిలబడాలి" అన్నారు. అలా ముగ్గురం ఉన్న మా సినిమా కమిటీలోకి ఆవిడ వచ్చారు. నేను కన్వీనర్‌ని.

షోకి ముందు గురువారం సాయంత్రం మా ఇంట్లో మేడ మీద అదనంగా ఉన్న పెద్ద గదిలో, అదే బోనస్ రూమ్‌లో ముందుగా సినిమా చూసేవాళ్ళం. మొదటి రోజే ఆవిడ కుర్చీని గిర్రున తిప్పి, తెరకి వీపు పెట్టి, మా మొహాలకి ఎదురుగా కూర్చున్నారు. ఒళ్ళో గోంగూర కట్ట. ఆకు తుంచుతూ, వింటూ, మమ్మల్ని చూస్తూ.

"పిన్నిగారూ, బొమ్మ ఇటుంది" అన్నాను.

"నాకు తెలుసమ్మా. హాల్లో ఇన్నేళ్ళున్నాను, పూర్తిగా చూసింది నాలుగో అయిదో. గుమ్మం దగ్గర నిలబడి జనాన్నే చూశాను. పెద్దవాళ్ళు ఎక్కడ చూపు తిప్పుకుంటారో పిల్లలు సరిగ్గా అక్కడే చూస్తారు. మీరెక్కడ ఫోన్ తీస్తారో నేను చూసుకుంటా, మీ పని మీరు కానివ్వండి."

మరి వినడమెందుకు అంటే, "చెవులకి రెప్పల్లేవు కదా" అన్నారు.

ఆ రోజు సినిమాలో ఒక ముద్దు ఉంది. దాని మీద గంటసేపు గొడవపడ్డాం. పదమూడా, పదహారా? ప్రొజెక్టర్ చూసుకునే వరంగల్ తమ్ముడు విసిగిపోయి, "అక్కా, గా ముద్దు రెండు సెకండ్లు గూడ లేదు. మనం దానికి గంట పెట్టినం. అంతసేపు ముద్దు పెట్టుకున్నా అయిపోతుండే" అన్నాడు. అందరం నవ్వాం. పిన్నిగారు నవ్వలేదు.

"ముద్దుకి పిల్లలు ఛీ అని ఊరుకుంటారు. అంతకుముందు హీరో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ పిల్ల వద్దు వద్దంటోంది. మీ ముగ్గురూ నవ్వారు. అది రాయండి."

"ఏమని రాయమంటారు?"

"పెద్దవాళ్ళు నవ్వారు అని రాయండి."

రాశాం. ఇంగ్లీషులో, నా చేత్తో. ఫారం తీసుకెళ్ళినప్పుడు టౌన్ కమిటీలో ఉన్న తెల్లజుట్టావిడ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. పిన్నిగారిని చూసి, ఇది ఎలా నిర్ణయిస్తారని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. పిన్నిగారు, "వాళ్ళెలా నిర్ణయిస్తారో అడుగు ముందు" అన్నారు. ఆవిడ నవ్వి, మాకూ తెలియదు, కాఫీ అయిపోయేదాకా వాదించుకుంటాం, ఎవరు అలిసిపోతే వాళ్ళు ఒప్పుకుంటారు అంది. పిన్నిగారికి ఆ జవాబు చాలా నచ్చింది. సంతకం పెట్టి, అలవాటుగా ఫారం మూల చింపారు. తెల్లజుట్టావిడ కంగారుపడింది. తర్వాత్తర్వాత ఆ మూల చిరక్కుండా ఉంటేనే కంగారుపడేది.

షో రోజు పిన్నిగారు గుమ్మం దగ్గర నిలబడి వచ్చే ప్రతి తల్లికీ తండ్రికీ ఆ ఫారంలో ఉన్నది చెప్పేవారు. "రెండో సగంలో తాతగారు చచ్చిపోతాడు. మీవాడి తాత ఈ మధ్యే పోయారు కదా, చూసుకోండి." కొందరికి చిరాకు. "ఎవరు రాకూడదో చెప్పండాంటీ, చాలు" అనేవాళ్ళు. "ఎవరు రాకూడదో నేనెవర్ని చెప్పడానికి? లోపలేముందో చెబుతా. మీ పిల్ల సంగతి మీకు తెలుసు." ఆట మొదలయ్యాక గోడవారగా ఉన్న తన కుర్చీలో, తెరకి వీపు పెట్టి, పిల్లల మొహాలు చూస్తూ కూర్చునేవారు.

ఇప్పుడు నా సంగతి.

ఆ వారం ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది. వరంగల్ తమ్ముడు ఇండియాలో ఉన్నాడు. కమిటీలో మిగిలిన ఇంకొకావిడకి జ్వరం. గురువారం బోనస్ రూమ్‌లో ఎవరూ లేరు. ఆఫీసులో మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నేను లాప్‌టాప్‌లో ఒక పక్క ఆఫీసు మీటింగ్ నడుస్తుండగా, ఇంకో పక్క ఆ సినిమాని మ్యూట్‌లో పెట్టి, రెట్టింపు వేగంతో తిప్పాను. బట్టలు కూడా మడతపెట్టాను. మొదటి సగం ఒక అమ్మమ్మ, ఒక చిలక, బోలెడంత అల్లరి. రెండో సగంలో ఒకచోట ఒక తలుపు చాలాసేపు కనిపించింది. మూసిన తలుపు, లోపల బల్ల కింద ఒక పిల్ల. ఒక్క దెబ్బ కూడా తెర మీద లేదు. చిలక మళ్ళీ వచ్చింది. అందరూ చూడొచ్చు, అనుకున్నాను.

శుక్రవారం అయిదింటికల్లా ఫారం ఇవ్వాలి. చూసినవాళ్ళ గడిలో ఎప్పుడూ పిన్నిగారే సంతకం పెట్టేవారు. ఆ గడిలో నా పేరు రాసుకుని ఇచ్చేయొచ్చు. కానీ ఆవిడ సంతకం, ఆ చిరిగిన మూల ఉంటే టౌన్ వాళ్ళు ఇంకేమీ అడగరు. అందుకని వాళ్ళింటికి వెళ్ళాను. గరాజ్ తలుపు తీసే ఉంది. ఆవిడ కంటి మీద కవచం పెట్టుకుని మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. కారు బానెట్ మీద కాగితం పెట్టాను.

"నేను రాలేకపోయానమ్మా. పూర్తిగా చూశావా?"

"చూశాను పిన్నిగారూ."

"చూశావు సరే. విన్నావా?"

"విన్నాను."

రెండో కంటితో నన్ను చూశారు. ఎంతసేపు? నాకిప్పుడు చాలాసేపు అనిపిస్తోంది. అప్పుడలా అనిపించలేదు. "నీ కళ్ళే నా కళ్ళు అయితే" అని, తెలుగులో, ఒక్కో అక్షరం పేర్చినట్టు సంతకం పెట్టారు. అయిదు కావస్తోంది, పరుగున వెళ్ళి టౌన్ ఆఫీసు డబ్బాలో ఆ కాగితం పడేసి వచ్చాను.

ఇది చదివే మన ఊరివాళ్ళలో చాలామంది ఆ శనివారం హాల్లో ఉన్నారు. ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళ కోసం చెబుతాను. ఆ మూసిన తలుపు అవతల తాగి వచ్చిన తండ్రి. తలుపు మీద గుద్దుళ్ళు. తల్లి గొంతు. ఏదో పగలడం. మళ్ళీ తల్లి గొంతు. అంతా చప్పుడే. ఆ చీకట్లో మూడో వరసలో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల లేచి నిలబడి, పక్కనున్న వాళ్ళమ్మ భుజం పట్టి ఊపేస్తూ, "అమ్మా, డోర్ లాక్ చెయ్! అమ్మా, ఫాస్ట్, లాక్ చెయ్! డాడీ ఈజ్ హోమ్!" అని అరిచింది.

తెర మీది తలుపు గురించి కాదని హాల్లో ఉన్న అందరికీ అర్థమైంది. ఎవరో లైట్లు వేశారు. ఆ తల్లి తల వంచుకుని, పిల్లని ఎత్తుకుని, నూటయాభై మంది మధ్య నుంచి నడిచి వెళ్ళింది. దారిచ్చినవాళ్ళు కూడా ఆమె వైపు చూడలేదు. గోడవార కుర్చీలోంచి ఒక కంటితో చూసిన పిన్నిగారు ఒక్కరే లేచి, గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూప్ మండిపోయింది. "హౌ ఈజ్ దిస్ ఆల్ ఏజెస్?" "సంతకం ఎవరిది?" "టికెట్ ఆంటీదట." "కంటి ఆపరేషన్ అయినావిడతో రేటింగ్ ఇప్పిస్తారా? సీరియస్‌లీ?" ఆ గ్రూప్‌లో నేను కన్వీనర్‌ని. అందరూ నా మాట కోసం ఎదురుచూస్తున్నారు. నేను రాసింది ఇది. నా ఫోన్‌లో ఇంకా ఉంది, చూసే రాస్తున్నాను: "జరిగినదానికి కమిటీ తరఫున చింతిస్తున్నాం. పెద్దవారి మీద ఇంత బాధ్యత పెట్టడం మా పొరపాటు. ఆవిడ ఆరోగ్యం దృష్ట్యా ఇకపై ఆ భారం తగ్గిస్తాం. దయచేసి ఆవిడని ఎవరూ ఏమీ అనవద్దు."

ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఒక్క అబద్ధం లేదు. దానికి కింద నలభై దండాల బొమ్మలు వచ్చాయి.

ఆవిడ వాట్సాప్ చూడరు. వాళ్ళమ్మాయి చూస్తుంది. తర్వాతి నెల గురువారం పిన్నిగారు రాలేదు. ఫోన్ చేస్తే "కళ్ళు అలిసిపోతున్నాయమ్మా" అన్నారు. ఆ నెల షోకి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడలేదు. వెనక వరసలో, అందరిలాగే, తెర వైపు తిరిగి కూర్చున్నారు. నేనావిడని అలా చూడటం అదే మొదలు. మూడేళ్ళూ అలాగే చూశాను.

చెప్పేద్దామని ఒకసారి వెళ్ళాను. వంటింట్లోంచి చేగోడీల గిన్నెతో వచ్చారు.

"ఏదో చెప్పడానికొచ్చినట్టున్నావు?"

"ఏం లేదు పిన్నిగారూ. ఊరికే."

"ఊరికే వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి లోపలికొస్తారమ్మా."

నేను కిందికి చూసుకున్నాను. నిజమే, చెప్పులతోనే గుమ్మం మీద నిలబడ్డాను. నవ్వేసి, చేగోడీలు తీసుకుని, మా వాడికి ఈత క్లాసుందని చెప్పి వచ్చేశాను.

ఫ్యునరల్ హోమ్‌లో ఆ తల్లిని చూశాను. మూడేళ్ళ తర్వాత. ఆ సినిమా అయిన వారంలోపే ఆమె వేరే అపార్ట్‌మెంట్‌కి మారిందని విన్నాను కానీ, మాట్లాడే మొహం నాకు లేకపోయింది. పిల్ల పొడుగైంది. ఒక మూల కూర్చుని, అక్కడ పంచిన కాగితాన్ని మూల దగ్గర మెల్లగా చింపుతోంది. బడి అయ్యాక రోజూ పిన్నిగారింట్లోనే ఉండేదట. నాకు తెలియదు. మా వీధిలోనే.

"ఆ వారమే ఆంటీ మా కొత్త ఇంటికొచ్చారండీ" అంది ఆమె. "కంటికి ఆ కవచంతోనే. తప్పు కాగితం మీద సంతకం పెట్టాను, క్షమించమ్మా అన్నారు. మీరు సరిగ్గా చెప్పుంటే నేను పాపని తెచ్చేదాన్నే కాదాంటీ, తేకపోయుంటే ఇంకా ఆ ఇంట్లోనే ఉండేదాన్నేమో, మీరు నాకు మేలే చేశారు అన్నాను."

"ఏమన్నారు?"

"కోప్పడ్డారు. తర్వాత మంచి జరిగిందని తప్పుని ఒప్పు చెయ్యకు, ఆ పిల్ల అంతమందిలో అలా అరవకుండా కూడా నువ్వు బయటపడుండాల్సింది అన్నారు."

ఆమె చెప్పిన మాటల్లో మొదటి సగం వినగానే నేను దానిలోకి దూరి దాక్కుందామనుకున్నాను. రెండో సగం వచ్చి నన్ను బయటికి లాగింది. అప్పుడు చెప్పాను. మొదటిసారి, ఒక మనిషికి. మ్యూట్, రెట్టింపు వేగం, బట్టల మడతలు, విన్నాను అన్న మాట, ఆ మెసేజ్, అన్నీ.

ఆమె పూలదండల వైపు తిరిగి అడిగింది.

"ఆంటీకి చెప్పారా?"

"లేదు."

"చెప్పుండాల్సింది" అని, పిల్ల కోటు తీసుకురావడానికి వెళ్ళిపోయింది.

ఇది రాయడానికి ఆమెనే అడిగాను. ఫోన్‌లో "రాయండి. గ్రూప్‌లో అందరూ ఇంకా తప్పు ఆంటీదే అంటున్నారు. మా పేర్లు మాత్రం వద్దు" అంది. అందుకే పేర్లు లేవు. గ్రూప్‌లో నేను రాసిన మెసేజ్ కింద ఈ వ్యాసం లింకు పెడతాను. దండాలు పెట్టిన నలభై మందీ చదవాలి.

మొన్న ఆవిడ సంతకం ఉన్న పాత ఫారాలన్నీ ఒక ఫైలులోంచి తీశాను. ముప్ఫైకి పైగా ఉన్నాయి. అన్నిటికీ కుడి పై మూల లేదు, గోటితో తుంచిన ఆకులా. ఒక్క కాగితానికి తప్ప. బానెట్ మీద సంతకం పెట్టిన కాగితానికి నాలుగు మూలలూ నిండుగా ఉన్నాయి. ఆ రోజు నేను హడావిడిగా చేతిలోంచి లాక్కున్నానేమో. కన్ను నొప్పిగా ఉందేమో. లేకపోతే గుమ్మం దాటుతున్న నా చెయ్యి గుప్పెట బిగించడం ఆవిడ చూశారేమో. చూసి ఉంటే, పిల్లలంటే అంత జాగ్రత్తగల మనిషి సంతకం ఎందుకు పెడతారు? పెట్టరు. కాబట్టి నమ్మారు. ఇంతవరకూ వస్తాను. అక్కడికొచ్చాక మళ్ళీ ఆ మూల కనిపిస్తుంది.

పోయిన శనివారం షోకి వరంగల్ తమ్ముడు ఆవిడ కుర్చీని గోడవారగా, తెరకి వీపు పెట్టి వేశాడు. "ఉండనీ అక్కా" అన్నాడు, నేనేమీ అనకముందే. నేను మొదటి వరసలో, ఆ ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని మళ్ళీ సరిగ్గా రాద్దామని తెచ్చుకున్నాను. లోపల ఏముందో రాయగలిగాను: మూసిన తలుపు, గుద్దుళ్ళు, తల్లి గొంతు. వయసు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎనిమిదేళ్ళకే ఆ చప్పుడు తెలిసిన పిల్ల ఉన్న ఊళ్ళో, ఏ వయసు వాళ్ళు అది వినొచ్చో నాకు తెలియదు. ఆవిడ నన్ను నమ్మారో లేదో కూడా తెలియదు. లైట్లు ఆరిపోయాయి. తెర వెలుగు మా అందరి మొహాల మీదా పడుతోంది. ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ మావైపే తిరిగి ఉంది.